నలుగురు యల్లమందలు, ఒక తమ్ముడు

యల్లమంద ముప్పై ఏడేళ్లుగా ఒకే కంపెనీలో పనిచేస్తున్నాడు. అందులో తన ఉద్యోగం ఏమిటో మొన్న మార్చి దాకా అతన్ని ఎవరూ అడగలేదు. అడిగిన రోజున అతను చెప్పలేకపోయాడు.

అడిగింది రుచిత. నరసరావుపేట క్యాంపస్‌లో హెచ్ఆర్ గదిలో కూర్చునే అమ్మాయి. పాతికేళ్లుంటాయి, చేరి ఆర్నెల్లయింది. మర్యాదగా కుర్చీ చూపించి, కంప్యూటర్ తెరను అతని వైపు తిప్పింది. తెర మీద ఐదు ఫొటోలున్నాయి. ఐదూ యల్లమందవే. ఒకదాంట్లో జుట్టు నల్లగా ఉంది, ఒకదాంట్లో మీసం ఉంది, ఒకదాంట్లో ఎవరిదో టై ఉంది. తను ఎప్పుడు టై కట్టుకున్నాడో యల్లమందకు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

“కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషికి ఒక్క పోస్టే ఎక్కుద్ది అంకుల్. మీ పేరు కొడితే నలుగురు వస్తన్నారు. ఇక్కడ ఐటీఐలో స్టోర్ కీపర్, పిడుగురాళ్ల పారామెడికల్‌లో ల్యాబ్ అటెండెంట్, పాలిటెక్నిక్‌లో లైబ్రేరియన్, మాచర్లలో హాస్టల్ వార్డెన్. వీళ్లలో మీరెవరు?”

“అయిదో ఫొటో ఏందమ్మా?”

“అది త్రికోటయ్య గారిది. గురజాల కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్. మీ కవల తమ్ముడంట గదా. ఆయన్ని కూడా ఒకసారి రమ్మనండి, ఫేస్ స్కాన్ చెయ్యాలి.”

యల్లమందకు తమ్ముడు లేడు. నకరికల్లులో ఒక అక్క ఉంది, అంతే. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ, లేడంటే కంపెనీకి ఏం ముప్పో, ఉన్నాడంటే తనకేం ముప్పో తేల్చుకోలేక “సరేనమ్మా” అని లేచాడు. శనివారం సాయంత్రం లోపల ఒకటి ఖాయం చేసి చెప్పమంది రుచిత. మిగతావన్నీ డిలీట్ చేస్తారట. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఉన్నదున్నట్టు అడిగింది. ఈ కంపెనీలో ఉన్నదున్నట్టు అడిగేవాళ్లు అంతకుముందు లేకపోవటమే వచ్చిన చిక్కు.

నిజానికి యల్లమంద చేరింది ఆ ఐదింట్లో దేనికీ కాదు. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో అతను పదో తరగతి పాసై, మల్లమ్మ సెంటర్ దగ్గర పీర్ సాహెబ్ కుట్టుమిషన్ల రిపేరు కొట్లో పనిచేసేవాడు. ఒకరోజు శివరామయ్య అనే ఆయన రిక్షాలో టైపు మిషను వేసుకొచ్చాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయట. ఇది మన పని కాదు, గుంటూరు తీసుకుపొమ్మన్నాడు పీర్ సాహెబ్. యల్లమంద మాత్రం దాన్ని విప్పి చూస్తానన్నాడు. విప్పాడు, కడిగాడు, వంగిన కడ్డీని తిన్నగా చేసి ఆకురాయితో రెండు రాపిళ్లు రాసి మళ్లీ బిగించాడు. శివరామయ్య నిలబడే ఒక పేజీ కొట్టి చూసుకుని, మిషనునూ యల్లమందనూ ఒకే రిక్షాలో ఎక్కించుకుని పోయాడు.

అప్పుడు కంపెనీ అంటే ఎరువుల కొట్టు మీద మేడ, ఆరు మిషన్లు. పేరు శివరామ టైప్ ఇన్‌స్టిట్యూట్. పరీక్షలొస్తే ఎవరి మిషను వాళ్లే మోసుకుపోవాలి కాబట్టి శివరామయ్య అన్నిటినీ గోనెసంచుల్లో చుట్టి రిక్షాల మీద సెంటరుకు పంపేవాడు. వెనకే యల్లమంద స్క్రూడ్రైవరూ, రెండు రిబ్బన్లూ పట్టుకుని నడిచేవాడు. పరీక్ష హాలు బయట నిలబడేవాడు. లోపల ఎవరి మిషనైనా మొరాయించి చెయ్యెత్తితే, లోపలికి వెళ్లే అనుమతి అతనికొక్కడికే ఉండేది. ఆ రోజుల్లో అతన్ని ఎవరైనా నువ్వేం చేస్తుంటావని అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. టైపు మిషన్లు గోడవారకు జరిగాయి. కోటప్పకొండ రోడ్డులో రేకుల షెడ్లు వేసి ఐటీఐ పెట్టారు. పల్నాడంతా పిల్లలు చదువుల మీద పడ్డారు, ఫీజులు సర్కారు కట్టే రోజులొచ్చాయి. పిడుగురాళ్లలో పారామెడికల్, ఇక్కడే పాలిటెక్నిక్, మాచర్లలో ఒకటి, గురజాలలో ఒకటి. శివరామ టైప్ ఇన్‌స్టిట్యూట్ కాస్తా శివరామ విద్యాసంస్థలై, ఇప్పుడు శివరామా కెరీర్ ఎడ్యుకేషన్ ప్రైవేట్ లిమిటెడ్ అయింది. బోర్డు మారినప్పుడల్లా నిచ్చెన వేసుకుని పాతది దించిందీ, కొత్తది బిగించిందీ యల్లమందే. అతనికి నిచ్చెన మీద నుంచి చూడటమే తప్ప ఆ పేర్ల మధ్య తేడా ఏమిటో తెలియలేదు.

ఏ కాలేజీకైనా ముందు ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. బిల్డింగు చూస్తారు, సామాను చూస్తారు, మనుషుల్ని చూస్తారు. బిల్డింగు అద్దెకు దొరికేది. సామాను ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి రాత్రికి రాత్రి లారీలో నడిచేది. మనుషుల దగ్గరే ఎప్పుడూ ఒకరిద్దరు తక్కువయ్యేవాళ్లు. అప్పుడు శివరామయ్య కేకేసేవాడు. “ఒరేయ్ యల్లమందా, ఇయ్యాల నాలుగు గంటలు కుర్చీలో కూకోవాలిరా.” యల్లమంద కూర్చునేవాడు. అది మోసమని అతనికి తోచలేదా అంటే, తోచిందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. మిషను మొరాయిస్తే తను లోపలికి వెళ్లేవాడు గదా, ఇదీ అట్లాంటి పనే కాబోలు అనుకున్నాడు.

తమ్ముడు పుట్టింది కూడా అట్లాగే. ఒక ఏడు మాచర్లకూ గురజాలకూ ఇన్‌స్పెక్షన్ ఒకేరోజు పడింది. పొద్దున మాచర్లలో వార్డెన్‌గా కూర్చుని, జీపులోనే చొక్కా మార్చుకుని, మెడలో విజిల్ వేసుకుని గురజాలలో దిగాడు. తీరా వచ్చింది అదే బృందం. వాళ్లలో ఒక పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని, “ఈయన్ని పొద్దున మాచర్లలో చూశామే” అన్నాడు. శివరామయ్య రెప్ప వెయ్యలేదు. “అతను వీళ్లన్న సార్. కవలలు. ఇద్దరూ మన దగ్గరే చేస్తున్నారు.” పెద్దాయన ఎంత పోలిక, ఎంత పోలిక అని ముచ్చటపడ్డాడు. ఎప్పుడన్నా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడాలనుందని కూడా అన్నాడు. ఆ వారంలోనే త్రికోటయ్య పేరుతో ఒక ఫైలు తయారైంది.

ఇన్ని కుర్చీల్లో కూర్చున్నవాడు నిజంగా చేస్తున్న పని మాత్రం ఏ ఫైలులోనూ లేదు. తొమ్మిదేళ్ల కిందట ఐటీఐలో ఫిట్టర్ మేష్టారు మానేశాడు. ఆయన స్థానంలో గుంటూరు నుంచి ప్రదీప్ అనే అతని సర్టిఫికెట్లు తెచ్చి పెట్టారు. సర్టిఫికెట్లు వచ్చాయి, మనిషి రాలేదు. అతనికి గుంటూరులో సొంత లేత్ షాపు ఉంది, ఇన్‌స్పెక్షన్ రోజున కారులో వచ్చి నిలబడి వెళ్తాడు. మంచివాడే, వచ్చినప్పుడల్లా అందరికీ స్వీట్లు తెస్తాడు. పిల్లలు మాత్రం రోజూ వచ్చి బెంచీల మీద కూర్చుని ఫోన్లు చూసుకుని పోయేవాళ్లు. స్టోరు తాళాలు యల్లమంద దగ్గరుండేవి. ఒకరోజు ఒకడు ఇనపముక్కను కొబ్బరికోరు తీసినట్టు ముందుకీ వెనక్కీ రుద్దుతుంటే చూడలేకపోయాడు. “ఒరేయ్, ఆకురాయి ముందుకు తోసేటప్పుడే కొరుకుద్దిరా. ఎనక్కి లాగేటప్పుడు నొక్కబాకు” అని వాడి చేతులు పట్టుకుని చూపించాడు. మర్నాడు నలుగురు చుట్టూ మూగారు. అంతే, అదే క్లాసైంది. థియరీ అతనికి రాదు. చేతిపని మాత్రం వచ్చు. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇవాళ అతని చేతి కింద నేర్చుకున్నవాళ్లు పదిహేనుమందికి తక్కువ లేరు. యల్లమందకు జీవితంలో ఇంత తృప్తినిచ్చిన పని మరొకటి లేదు. ఏ పోస్టు ఖాయం చేసినా ఆ పని పోతుందేమోనన్నదే అతని భయమంతా.

ఆ భయం గురువారం నాడు వర్క్‌షాపులో ఎదురైంది. ఇరవై ముగ్గురిలో ఆడపిల్లలు ఇద్దరే. అందులో పూర్ణిమ పిడుగురాళ్ల నుంచి రోజూ బస్సులో వస్తుంది, తండ్రి సున్నపు బట్టీలో కూలి. జూలైలో ఫైనల్ పరీక్ష, ఆ వెంటనే ఫ్యాక్టరీలో ట్రేడ్ టెస్టు. ఆ పిల్ల ఇనుమును బిగించి పట్టే వైస్ దగ్గర నిలబడి చదరపు రంధ్రంలోకి చదరపు ముక్కను కుదిరిస్తోంది. ఎటు తిప్పి పెట్టినా సందులోంచి వెలుతురు రాకూడదు.

“సార్, మీరు లైబ్రరీకి పోతన్నారంట గదా. ఆఫీసులో అనుకుంటన్నారు.”

“ఎవురన్నారే?”

“ఎవరో అన్నార్లెండి. మాకు ప్రాక్టికల్ ఎవరు చెప్తారు మరి?”

యల్లమంద ముక్కను తీసుకుని కిటికీ వైపు పెట్టి చూశాడు. “ముందు ఈ మూల చూడు. ఇంకా వెలుతురు వస్తంది” అని తిరిగి ఇచ్చేశాడు.

ఇంట్లో నాగేంద్రమ్మకు మాత్రం ఏ అనుమానమూ లేదు. విషయం వినగానే పీట మీద నుంచి లేవకుండానే తీర్పు చెప్పేసింది. “లైబ్రేరియన్ అని రాయించుకో. మన పిల్ల పెళ్లికార్డు మీద కూడా అదే గదయ్యా ఏయించావు. ఏసీ గది, కుర్చీ. ఈ వయసులో ఇంకా ఆ ఇనప రజను మింగుతా ఉంటావా?” యల్లమంద ఆమె మాట కాదనలేదు. పెళ్లికార్డు మీద లైబ్రేరియన్ అని వేయించినప్పుడు తను నిజంగానే లైబ్రేరియన్‌ననుకున్నాడా, లేక వియ్యంకుల ముందు బడాయికి వేయించాడా అని ఆలోచిస్తూ అన్నం సగంలో వదిలేశాడు.

శుక్రవారం ఉదయం శివరామయ్య ఇంటికి వెళ్లాడు. పనిలో పెట్టినవాడే చెప్పాలి, ఇంకెవరు చెబుతారు? శివరామయ్యకు ఎనభై ఆరేళ్లు. రెండేళ్ల నుంచి కంపెనీ అంతా కొడుకు కృష్ణచైతన్య చూస్తున్నాడు. పెద్దాయన వరండాలో వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒళ్లో ఏదో ఫారం ఉంది. యల్లమంద చెప్పిందంతా విని ఆ ఫారం ఎత్తి చూపించాడు.

“నన్నూ అడిగార్రా” అన్నాడు. “మావాడే ఫారం పంపాడు. హోదా అన్న కాడ చైర్మన్ అని రాస్తే కాదన్నారు. చైర్మన్ ఇప్పుడు మావాడంట. నేను ఫౌండర్ మెంటరంట. అంటే ఏందిరా, నీకేమన్నా తెలుసా?”

“తెలవదు సార్.”

“నాకూ తెలవదు.”

ఎదురుగా రోడ్డు మీద కాలేజీ బస్సు పోయింది. బస్సు మీద శివరామయ్య ఫొటో ఉంది. యల్లమంద ధైర్యం చేసి అడిగాడు. “సార్, అసలు మీ కాడ నేను చేసిన పనేంది?”

“ఏడ ఖాళీ ఉంటే ఆడ నువ్వున్నావురా. దానికో పేరు పెట్టే తీరిక నాకు లేకపాయె.” పెద్దాయన ఒళ్లో ఫారాన్ని మడత పెట్టాడు. “నీకు తప్పు చేశానంటావా?”

ఆ ఇన్‌స్పెక్షన్లలో తను కూర్చోకపోతే ఈ కాలేజీలు లేవు. కాలేజీలు లేకపోతే దాచేపల్లిలో ఆ పదిహేనుమంది లేరు. కానీ అదే లెక్కన రాని మేష్టారి పేరుతో ఎన్ని వందలమంది ఏమీ నేర్చుకోకుండా సర్టిఫికెట్లు పట్టుకుపోయారో కూడా అతనికి తెలుసు. ఇటు నుంచి చూస్తే దణ్ణం పెట్టబుద్ధి వేస్తుంది, అటు నుంచి చూస్తే కడిగెయ్యబుద్ధి వేస్తుంది. రెండూ ఒకే మనిషి మీద ఎట్లా వస్తాయో అర్థం కాక, “వస్తాను సార్” అని లేచాడు.

శనివారం రుచిత అతని కోసం ఎదురు చూస్తోంది. “లైబ్రేరియన్ పెట్టేద్దామా అంకుల్? చైతన్య సార్ కూడా అదే పెట్టమన్నారు. మీ సర్వీసుకి గౌరవంగా ఉంటది. సర్టిఫికెట్ సంగతి మేం చూసుకుంటాం.” లైబ్రరీ ఉన్నది పాలిటెక్నిక్ క్యాంపస్‌లో, ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. హాజరు కోసం రోజుకు నాలుగుసార్లు అక్కడే ఫోనులో ముఖం చూపించాలి.

“మరి ఫిట్టర్ షాపులో ఎవరుంటారమ్మా?”

“ప్రదీప్ సార్ ఉన్నారు గదా అంకుల్” అని ఆ పిల్ల తెర మీద చూపించింది. నిజంగానే ఉన్నాడు, ఫొటోతో సహా. ఆమె కళ్లల్లో అనుమానం లేదు. యల్లమందకు ఆ క్షణంలో అంతా చెప్పెయ్యాలనిపించింది. ఉన్నదున్నట్టు అడిగిన మనిషికి ఉన్నదున్నట్టు చెప్పటం న్యాయం. కానీ చెబితే ప్రదీప్ ఫైలు పోతుంది, ఫైలుతో ఫిట్టర్ షాపు గుర్తింపు పోతుంది, ఇరవై ముగ్గురు పరీక్షకు కూర్చోలేరు. నిజం చెప్పటానికి ఇంత ఖర్చవుతుందని అతనికి ముందు తెలియదు.

“ఈ బ్లాకులోనే ఉండే పోస్టు ఏదన్నా ఉందామ్మా? స్టోర్ కీపరు?”

“స్టోర్స్ అన్నీ నిన్ననే ఒక్క చోటికి మార్చారు అంకుల్, ఆ పోస్టు తీసేశారు.” ఆమె తెరను కిందికి జరిపింది. “ఇక్కడైతే ఒక్క అటెండర్ ఖాళీ ఉంది. అది మీకు బాగుండదు.”

“అటెండరు వర్క్‌షాపులోకి పోవచ్చా?”

“అటెండర్ ఏ గదిలోకైనా పోవచ్చు.”

“అయితే అదే రాయమ్మా.”

రుచిత రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పాడు. చివరికి ఆమె, “మీ తమ్ముడు గారి సంగతి?” అంది. “వాడు చెయ్యడంటమ్మా, తీసెయ్యి” అన్నాడు యల్లమంద. ఆమె ఒక్కటి నొక్కగానే విజిల్ వేసుకున్న ఫొటో మాయమైంది. ఎన్నడూ లేని మనిషి పోయినందుకు తనకెందుకు కష్టంగా ఉందో అతనికి తెలియలేదు.

సోమవారం నీలం చొక్కా ఇచ్చారు, మెడకో కార్డు ఇచ్చారు. నాగేంద్రమ్మ రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజున ఆ చొక్కాను తనే ఉతికి ఆరేసింది. వర్క్‌షాపులో కొందరు కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. ఒకడు సార్ అనే అలవాటు మర్చిపోయి “అంకుల్, డ్రిల్లు బిట్టు ఎక్కడుంది?” అన్నాడు, వెంటనే నాలుక కరుచుకున్నాడు. యల్లమంద బిట్టు తీసిచ్చి, దాన్ని ఎట్లా బిగించాలో చూపించాడు. పొద్దున ఆఫీసు గదులు తుడిపించి, కాఫీలు అందించి, పదిన్నర కల్లా వైస్‌ల దగ్గరికి వచ్చేవాడు. ఎవరూ ఆపలేదు. అటెండరు ఏ గదిలో ఎందుకున్నాడని ఎవరడుగుతారు?

ఏప్రిల్ చివర్లో ఇన్‌స్పెక్షన్ పడింది. ముందురోజు యల్లమంద పిల్లలందర్నీ వరసగా నిలబెట్టాడు. మీకు ప్రాక్టికల్ ఎవరు చెబుతారని అడిగితే ప్రదీప్ సారనాలి. నవ్వకూడదు, తన వైపు చూడకూడదు. ఒక్కొక్కళ్ల చేత చెప్పించాడు. పూర్ణిమ దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

“అబద్ధం గదా సార్ అది.”

“అబద్ధమే. చెప్పకపోతే జూలైలో నీకు హాల్‌టికెట్ రాదు. నీకే గాదు, ఎవరికీ రాదు.”

“మీకు బాధగా ఉండదా?”

“ముందు చెప్పవే” అన్నాడు. ఆమె చెప్పింది. గొంతు వణికింది. మళ్లీ చెప్పమన్నాడు. వణుకు పోయేదాకా, ఆరుసార్లు చెప్పించాడు.

మర్నాడు ప్రదీప్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వర్క్‌షాపు మధ్యలో నిలబడ్డాడు. వచ్చిన అధికారి ఒకావిడ, పనిమంతురాలిలాగే ఉంది, రిజిస్టర్లు పక్కన పెట్టి సూటిగా వైస్‌ల దగ్గరికి నడిచింది. పూర్ణిమ చేసిన ముక్కను చేతిలోకి తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. తిప్పి పెట్టి చూసింది. నాలుగు వైపులా చూసింది. ఎక్కడా వెలుతురు రాలేదు. యల్లమంద టీ ట్రే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

“చాలా బాగా కుదిరింది. నీకిది ఎవరు నేర్పారమ్మా?”

పూర్ణిమ అతని వైపు చూడలేదు. “ప్రదీప్ సారండీ” అంది, తడబడకుండా, నేర్పినట్టే.

“మీది మంచి చెయ్యండీ” అని అధికారి ప్రదీప్‌కు నమస్కారం పెట్టింది. ప్రదీప్ తల వంచుకున్నాడు. యల్లమందకు గుండెల మీది బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఇరవై ముగ్గురికీ హాల్‌టికెట్లు వస్తాయి. సంతోషించాలో ఏడవాలో తెలియక, ముందుకు నడిచి ట్రే అందించాడు.

ఆవిడ కప్పు తీసుకుని, తెల్లబడిన అతని జుట్టు వైపు చూసి, “ఇక్కడ ఎన్నేళ్ల నుంచి చేస్తున్నావు?” అని అడిగింది.

“కొత్తగా చేరానమ్మా. మార్చిలో” అన్నాడు యల్లమంద. మెడలో కార్డు మీద చేరిన తేదీ అదే ఉంది. ఇన్నేళ్ల ఇన్‌స్పెక్షన్లలో ఎవరూ చెప్పించకుండానే కాగితం మీది మాట అతని నోటి నుంచి రావటం అదే మొదటిసారి.